బీడులో కాళ్ల ముందు లేచే ఎర్రచుక్కల తెల్ల రెక్కల పురుగు ఏది? జనుముకు మందు కొట్టాలా?

నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మీ నిమ్మతోట పక్కనున్న బీడులో నడుస్తుంటే, పట్టపగలే కాళ్ల ముందు నుంచి చిన్న తెల్లని రెక్కల పురుగులు లేచి, నాలుగు గజాల అవతల మళ్లీ గడ్డిలో పడిపోతున్నాయని రాశారు. వాటి రెక్కల మీద ఎర్రని, నల్లని చుక్కలు ఉన్నాయన్నారు. అదే సమయంలో, తోటలో పచ్చిరొట్ట కోసం చల్లిన జనుము మీద నల్లని నూగు గొంగళి పురుగులు కనిపించాయన్నారు. ఈ రెండూ ఒకటేనా, నిమ్మకూ పక్క చేలోని వేరుశనగకూ పాకుతాయా, మందు కొట్టాలా, పశువులకు ఏమైనా ప్రమాదమా అని అడిగారు.

మీ వర్ణనను బట్టి రెండూ ఒకటే. ఆ గొంగళి పురుగు పెరిగితే వచ్చేది ఆ రెక్కల పురుగే. అది నిమ్మను తినదు, వరిని తినదు, వేరుశనగను పాడుచేసే పురుగూ కాదు. పచ్చిరొట్టగా కలియదున్నబోయే జనుముకు మందు కొట్టవద్దు. పశువుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అయితే ఆ జాగ్రత్త పురుగు గురించి కాదు, అది తినే మొక్క గురించి. అసలు ఈ పురుగు బతుకంతా ఆ మొక్కల చుట్టూనే తిరుగుతుంది. ఏ మొక్క తింటుందో తెలిస్తే ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు వస్తుందో, పట్టపగలు అంత ధైర్యంగా ఎందుకు తిరుగుతుందో అన్నీ తెలిసిపోతాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

దీని శాస్త్రీయ నామం యూటెథీసా పుల్కెల్లా. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లోనే దీనిని వర్ణించాడు. పులి చిమ్మటలు అనే వర్గానికి చెందినది. పాత పుస్తకాల్లో ఆర్క్టిడే కుటుంబం కింద కనిపిస్తుంది, ఇప్పుడు ఎరెబిడే కుటుంబంలో చేర్చారు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు రెక్కలు సన్నగా, పొడవుగా, మీగడ తెలుపులో ఉంటాయి. వాటి నిండా చిన్న నల్లచుక్కలు, వాటి మధ్య కాస్త పెద్ద ఎర్ర మచ్చలు. ఈ ఎరుపు అన్నిటిలో ఒకేలా ఉండదు. కొన్నిటికి చిక్కని కుంకుమ రంగు, కొన్నిటికి నారింజకు దగ్గరి రంగు. కొన్నిటిలో మచ్చలు విడివిడిగా ఉంటాయి, కొన్నిటిలో కలిసిపోయి అడ్డపట్టీల్లా కనిపిస్తాయి. ఒకే బీడులో పట్టిన రెండు పురుగులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి వేర్వేరు జాతులేమో అనిపించేంత తేడా ఉండవచ్చు.

వెనక రెక్కల తీరు వేరు. అవి తెల్లగా ఉండి, బయటి అంచు వెంట వంకరటింకరగా నల్లని పట్టీ, మధ్యలో నల్లని మచ్చ కలిగి ఉంటాయి. వాలినప్పుడు ఇవి కనిపించవు. ముందు రెక్కలను ఒంటికి దగ్గరగా చుట్టుకుని, సన్నని గొట్టంలా గడ్డిపోచకు అతుక్కుంటుంది. లేచి ఎగిరినప్పుడే ఆ తెలుపు ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే ఎగిరేటప్పుడు తెల్లగా, వాలగానే మాయమైనట్లుగా మీకు కనిపించింది.

పగలు తిరుగుతుంది కాబట్టి చాలామంది దీనిని సీతాకోకచిలుక అనుకుంటారు, కానీ ఇది చిమ్మట. మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసాల చివర చిన్న గుబ్బ ఉంటుంది. దీని మీసాలు మొదలు నుంచి కొస దాకా దారంలా సన్నగా ఉంటాయి. ఇది రాత్రి కూడా తిరుగుతుంది. తోట దగ్గరి మోటారు షెడ్డులో బల్బు వెలుగుతుంటే గోడ మీదకు వస్తుంది.

దీనికి దగ్గరి చుట్టాలు యూటెథీసా లోట్రిక్స్, యూటెథీసా పుల్కెల్లాయిడిస్ అని మరో రెండు మన దేశంలోనే ఉన్నాయి. పైనుంచి తీసిన ఫొటోలో ఈ మూడింటినీ విడదీసి కచ్చితంగా చెప్పడం మంచి పద్ధతి కాదు. మగ పురుగు శరీర భాగాలను సూక్ష్మదర్శిని కింద చూసి తేల్చాల్సిన విషయం అది. మూడింటి జీవన విధానమూ దాదాపు ఒకటే కాబట్టి మీ అవసరానికి ఆ తేడా అడ్డు రాదు. అయితే జనుము జాతికే చెందిన గిలిగిచ్చ మొక్కల దగ్గర నారింజ, పసుపు కలిసిన రెక్కల మీద నల్లచుక్కలు, ప్రతి చుక్క చుట్టూ తెల్లని వలయం ఉన్న పురుగు కనిపిస్తే అది వేరు. దాని పేరు ఆర్జినా. అదీ గిలిగిచ్చ కాయలు తొలిచేదే.

ఇక అసలు భయం గురించి. వేరుశనగ రైతు గొంగళి పురుగు అనగానే ఉలిక్కిపడటంలో తప్పు లేదు. మెట్ట చేలను ఊడ్చిపెట్టే ఎర్ర గొంగళి పురుగును చూసిన ప్రాంతం మనది. ఆ పురుగు వేరు, దాని పేరు ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా. తొలకరి వానలు పడగానే నేలలోని ప్యూపాల (గొంగళి దశకూ రెక్కల దశకూ మధ్య కదలకుండా ఉండే దశ) నుంచి రాత్రిళ్లు గుంపులుగా బయటికి వస్తుంది. దాని ఒళ్లు బొద్దుగా, ముందు రెక్కలు గోధుమ చారలతో, ముందు అంచున పసుపు గీతతో ఉంటాయి. వెనక రెక్కలు తెల్లగా, నల్లమచ్చలతో ఉంటాయి. దాని గొంగళి పురుగుకు ఒంటి నిండా దట్టంగా ఎర్రటి పొడవాటి వెంట్రుకలు. వేరుశనగ మొదలుకొని దారిలో దొరికిన ప్రతి పైరునూ తింటూ ఒక చేను నుంచి మరో చేనుకు దండుగా నడుస్తుంది. మీ జనుము మీద ఉన్న పురుగుకు నూగు పలచగా ఉంటుంది. ఒళ్లు నలుపు లేదా ముదురు బూడిద రంగు, వీపు వెంట, పక్కల వెంట తెల్లని గీతలు, ప్రతి కణుపు మీద నారింజ మచ్చ లేదా అడ్డపట్టీ కనిపిస్తాయి. ఒక్క పురుగును ఆకుతో సహా తెంపి వెలుతురులో చూస్తే రెండింటి మధ్య తేడా వెంటనే తెలుస్తుంది.

ఈ పురుగు గడ్డిలో ఉంటుంది కానీ గడ్డి తినదు. గడ్డి దానికి నీడ, వాలేందుకు చోటు. గొంగళి పురుగుకు కావలసింది గడ్డి మధ్య అక్కడక్కడా మొలిచే కొన్ని మొక్కలే. మొదటిది గిలిగిచ్చ జాతి, జనుము కూడా ఆ జాతిదే. ఇవి కాక నాగదంతి, గువ్వగుత్తి వంటివి. మీ బీడులో పసుపు పూల గిలిగిచ్చ గానీ, నీలిపూల గిలిగిచ్చ గానీ తప్పకుండా ఉంటుంది. ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. నాగదంతి పూలగుత్తి ఏనుగు తొండంలా కొస దగ్గర వంగి ఉంటుంది. నీరు తగ్గిన చెరువు గర్భాల్లో, పొలం గట్ల మీద అది విరివిగా కనిపిస్తుంది. గువ్వగుత్తి గరుకు ఆకులతో, తలవంచిన లేత నీలం పూలతో ఎర్ర గరప నేలల్లో మొలుస్తుంది. పచ్చిరొట్టకు మీరు జనుము బదులు జీలుగ చల్లి ఉంటే ఈ పురుగు వచ్చేదే కాదు.

ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు మెట్ట బీళ్లు దీనికి బాగా నప్పడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ గొర్రెలు, మేకలు, పశువులు ఏడాది పొడవునా మేస్తాయి. గడ్డిని కొరుకుతాయి గానీ గిలిగిచ్చనూ నాగదంతినీ చాలావరకు వదిలేస్తాయి. మేత ఎక్కువైన కొద్దీ గడ్డి పొట్టిదై, ఈ మొక్కలకు ఎండ, చోటు దొరుకుతాయి. అందుకే మందలు తిరిగే బయళ్లలో ఈ పురుగు ఎక్కువగా కనిపిస్తుంది. సముద్రతీరపు ఇసుక నేలల్లోనూ గిలిగిచ్చ మొలుస్తుంది కాబట్టి సూళ్లూరుపేట వైపు కూడా వెదకవచ్చు. దీనిని తరిమేసేది మేత కాదు, సర్కారు తుమ్మ. బీడు మీద సర్కారు తుమ్మ కమ్ముకుంటే కింద ఎండ పడదు, చిన్న మొక్కలు చస్తాయి, వాటితోపాటు ఈ పురుగూ పోతుంది. మన జిల్లాలో పచ్చిక బయళ్లు ఈ తుమ్మ కిందకు పోవడం నన్ను చాలా బాధించే విషయం. పోరంబోకు అంటే పనికిరాని నేల అనుకోవడం మానుకుంటే తప్ప ఇది ఆగదు.

మన నెల్లూరుకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ వానలకు బీళ్లు పచ్చబడి, గిలిగిచ్చ పూసి కాసే కాలమే ఈ పురుగుకు పండగ. ప్రపంచవ్యాప్తంగా రాత్రి చిమ్మటలను లెక్కించే వారోత్సవం ఒకటి 2012 నుంచి జూలై చివరి వారంలో జరుగుతోంది. ఇక్కడ జూలైలో మెట్ట బయళ్లు ఇంకా ఎండిపోయే ఉంటాయి. ఈ పురుగును చూడాలనుకునేవారు కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా బీళ్లలో నడవడం మేలు.

పట్టపగలు, ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో, నిదానంగా ఎగిరే పురుగును పిట్టలు ఎందుకు తినవు? ఎందుకంటే ఇది విషపు పురుగు. గిలిగిచ్చలోనూ నాగదంతిలోనూ పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే చేదు విషాలు ఉంటాయి. వాటిని తిన్న పశువుకు కాలేయంలో అవి హానికరమైన పదార్థాలుగా మారతాయి. ఈ గొంగళి పురుగు మాత్రం వాటికి ఒక ఆక్సిజన్ పరమాణువును కలిపి, తనకు హాని చేయని రూపంలో ఒంట్లో దాచుకుంటుంది. అలా దాచినది ప్యూపా దశ దాటి రెక్కల పురుగులోకీ చేరుతుంది. రెక్కల మీది రంగులు పిట్టకు ముందే చేసే హెచ్చరిక.

ఈ విషయాన్ని లోతుగా పరిశోధించింది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్‌వాల్డ్. వారు పని చేసింది దీని అమెరికా చుట్టం యూటెథీసా ఆర్నాట్రిక్స్ మీద. అది కూడా గిలిగిచ్చ జాతి మొక్కలే తింటుంది. ఆ పురుగు సాలెగూట్లో చిక్కుకుంటే సాలీడు దానిని తినకపోగా, చుట్టూ దారాలు కొరికి విడిచిపెట్టేస్తుందని వారు చూశారు. విషం లేని ఆహారంతో ప్రయోగశాలలో పెంచిన పురుగులనైతే సాలీడు తినేసింది. అంటే రక్షణ పురుగుది కాదు, మొక్కది. మరో సంగతి నాకు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. మగ పురుగు ఈ విషంలో కొంత భాగాన్ని వాసన పదార్థంగా మార్చి, దానితో ఆడ పురుగును ఆకర్షిస్తుంది. జత కట్టేటప్పుడు వీర్యంతోపాటు విషాన్నీ ఆడదానికి అందిస్తుంది. ఆడది తన వాటానూ, మగదాని వాటానూ గుడ్లలోకి పంపుతుంది. ఆ గుడ్లను అక్షింతల పురుగులు, చీమలు ముట్టడానికి వెనకాడతాయి. తల్లిదండ్రులు ఇద్దరూ బిడ్డల రక్షణకు ఇచ్చేది చిన్ననాడు తిన్న మొక్కల నుంచి వచ్చిందే.

మీ బీడులో ఎండిన నాగదంతి కొమ్మల మీద నీలి మచ్చల నల్లని సీతాకోకచిలుకలు, నారింజ రంగువి గుంపుగా వాలి గంటల తరబడి కదలకుండా ఉండటం చూసే ఉంటారు. వాటిలో ఎక్కువ మగవే. అవి తేనె కోసం రాలేదు. ఇదే విషాన్ని పీల్చుకోవడానికి, ఇదే అవసరానికి వచ్చాయి.

ఇక పుట్టుక నుంచి రెక్కలు వచ్చేదాకా. ఆడ పురుగు జనుము లేదా గిలిగిచ్చ ఆకుల మీద తెల్లని గుండ్రటి చిన్న గుడ్లు పెడుతుంది. మన వేడికి కొద్ది రోజుల్లోనే అవి పొదుగుతాయి. పిల్ల పురుగులు మొదట ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి, ఆకు మీద తెల్లని పొరలాంటి మచ్చలు కనిపిస్తాయి. కుబుసాలు విడుస్తూ పెరిగే కొద్దీ ఆకును అంచుల నుంచి కొరికి తింటాయి. కాయలు వచ్చాక వీటి తీరు మారుతుంది. ఆకులను వదిలి కాయకు గుండ్రటి రంధ్రం చేసి, తల లోపలికి పెట్టి గింజలు తింటాయి, సగం ఒళ్లు బయటే వేలాడుతుంది. మొక్కలో విషం ఎక్కువగా పోగుపడేది గింజలోనే. పురుగుకు గింజ తిండీ, రక్షణా రెండూను. ఈ ఒక్క కారణం వల్లే విత్తనం కోసం జనుము వేసిన రైతుకు ఇది నిజంగా చీడపురుగు అవుతుంది.

గొంగళి దశ మొత్తం రెండు నుంచి నాలుగు వారాలు. పూర్తిగా ఎదిగిన పురుగు 3 సెంటీమీటర్లు దాటుతుంది. తర్వాత మొక్క దిగి, రాలిన ఆకుల కింద గానీ మట్టి పైపొరలో గానీ పలచని పట్టు గూడు అల్లుకుని గోధుమ రంగు ప్యూపాగా మారుతుంది. వారం పది రోజుల్లో, చలి కాలంలో ఇంకాస్త ఆలస్యంగా, రెక్కల పురుగు బయటికి వస్తుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా నెల నుంచి నెలన్నర పడుతుంది. ఎర్ర గొంగళి పురుగులా ఏడాదికోసారి నేల చీల్చుకుని వచ్చేది కాదు. తిండి దొరికినంత కాలం ఒక తరం వెనుక మరో తరం సాగుతూనే ఉంటుంది. అందుకే ఒకే జనుము మడిలో పిల్ల పురుగు, ఎదిగిన పురుగు, రెక్కల పురుగు మూడూ ఒకేసారి కనిపించవచ్చు. మేత ఎండిపోతే ఎగిరిపోతుంది. చూడటానికి బలహీనంగా ఉన్నా దూర ప్రయాణాలు చేయగలదు. ఆఫ్రికా, దక్షిణ ఐరోపా నుంచి మన దేశం దాకా ఉన్న ఈ పురుగు, గాలి కలిసివచ్చినప్పుడు ఇంగ్లండు దాకా వెళుతుంది. అక్కడ అది అరుదైన అతిథి.

మీ జనుము సంగతికి వస్తే, పచ్చిరొట్టగా వేసినది 45 రోజుల ప్రాంతంలో, పూత దశలో కలియదున్నుతారు. అప్పటికి కాయే ఉండదు. పురుగు తిన్న కాస్త ఆకు కూడా రెట్ట రూపంలో మీ నేలలోనే పడుతుంది. మందు ఖర్చు దండగ. పైగా పూత మీద మందు పడితే తేనెటీగలూ తుమ్మెదలూ చస్తాయి. దున్నాక కొన్ని పురుగులు గట్ల మీదకు, నిమ్మ మొదళ్ల దగ్గరకు పాకుతాయి. వాటిని చూసి కంగారు పడకండి, ప్యూపా దశకు చోటు వెతుక్కుంటున్నాయి, లేదా మేత లేక చస్తాయి.

విత్తనానికి ఒక మూల వదిలారా? అయితే అక్కడ మాత్రం పూత చివరి నుంచి రెండు మూడు రోజులకోసారి చూడండి. చిన్న మడి అయితే చేతికి తొడుగు వేసుకుని ఏరి సబ్బు నీళ్లలో వేయడం చాలు. పగలు దాక్కోదు కాబట్టి ఏరడం తేలిక, తాకితే ముడుచుకుని రాలుతుంది కాబట్టి కింద పళ్లెం పట్టండి. ఎక్కువగా ఉంటే వేపగింజల కషాయం 5 శాతం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడి లెక్కన, పురుగు కాయలోకి దూరక ముందే సాయంత్రం పూట పిచికారీ చేయండి. కాయలోకి దూరాక ఏ మందూ సరిగా అందదు. సాయంత్రమే ఎందుకంటే జనుము పూలలో గింజ కట్టాలంటే పెద్ద తుమ్మెదలు వచ్చి పరాగ సంపర్కం చేయాలి. వాటిని పోగొట్టుకుంటే పురుగు తినకపోయినా మీకు విత్తనం దక్కదు. ఇంతటి విషపు పురుగును కూడా వేటాడే కందిరీగ జాతి చిన్న పరాన్నజీవులు, ఈగలు ఉన్నాయి. ఘాటు మందులు ముందుగా చంపేది వాటినే.

పిల్లలు రెక్కల పురుగును పట్టుకున్నా కుట్టదు, కరవదు. గొంగళి పురుగు నూగు కొందరికి దురద పెట్టవచ్చు కాబట్టి నలపవద్దని చెప్పి, చేతులు కడిగించండి.

పశువుల విషయంలో నా సలహా గట్టిగానే చెబుతాను. మేతలో పొరపాటున రెండు పురుగులు వెళితే గాభరా పడనవసరం లేదు. కానీ గిలిగిచ్చ, నాగదంతి కలిసిన గడ్డిని కోసి రోజూ వేస్తే కాలేయం మెల్లగా దెబ్బతింటుంది. బయట మేసేటప్పుడు ఆవు ఆ మొక్కను ఏరి వదిలేయగలదు, కోసి కలిపిన మేతలో ఆ వీలు దానికి ఉండదు. ఎండబెట్టినా ఈ విషం పూర్తిగా పోదు. పచ్చిరొట్ట జనుము బాగా పెరిగింది కదా అని గేదెలకు మోపులు మోపులుగా వేయవద్దు, ముఖ్యంగా కాయ పట్టినది. మనుషులకూ ఇది వర్తిస్తుంది. 1975లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో సామల్లో గిలిగిచ్చ జాతి గింజలు కలిసిపోయి, వాటిని తిన్న గిరిజనుల్లో పలువురు కాలేయ వ్యాధితో, పొట్టలో నీరు చేరి చనిపోయారు. మీరు మెట్టలో సామలు, కొర్రలు వేస్తే కోతకు ముందే చేలో గిలిగిచ్చ మొక్కలను పీకేయండి. నూర్చాక జల్లెడ పట్టేటప్పుడు మూత్రపిండం ఆకారంలో నున్నగా మెరిసే గింజలు కనిపిస్తే ఏరి పారేయండి, కోళ్లకు కూడా వేయవద్దు.

జాతిని ఇంకాస్త కచ్చితంగా తెలుసుకోవాలనుకుంటే, ఒక పురుగును గాజు సీసాలో పెట్టి వెనక రెక్కలు కనిపించేలా ఒకటి, మీసాలు కనిపించేలా ఒకటి, అది ఉన్న మొక్క పువ్వు, కాయతో ఒకటి ఫొటోలు తీసి పెట్టండి. మొక్క ఫొటో మరవవద్దు, రెక్కల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.